కాలదోషం పట్టని సాక్ష్యం: ‘ది సైలెన్స్ ఆఫ్ అదర్స్’ డాక్యుమెంటరీ చిత్ర పరిశీలన

వ్యాససంగ్రహం:

స్పెయిన్‌లో ఫ్రాంకో నియంతృత్వానికి బలైనవారు, వారి వారసులు న్యాయం కోసం సాగించిన ప్రయత్నాన్ని అల్ముదేనా కర్రాసేదో, రాబర్ట్ బహార్ దర్శకత్వంలో వచ్చిన ‘ది సైలెన్స్ ఆఫ్ అదర్స్’ (2018) డాక్యుమెంటరీ చిత్రం నమోదు చేసింది. ఈ చిత్రంలో ఫిర్యాదుదారులకు ప్రధాన ప్రతిపక్షం ఏ ఒక్క వ్యక్తీ కాదని, కాలమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. చట్టం లెక్కించే కాలానికీ, వృద్ధ సాక్షుల శరీరాలు మోసే కాలానికీ మధ్య ఉన్న సంఘర్షణను దృశ్యంగా మలచినచోట చిత్రం బలంగా ఉన్నదని, 1977 నాటి చరిత్రను కథనంలో చెప్పవలసి వచ్చినచోట తొందరపడిందని చర్చించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: డాక్యుమెంటరీ, నియంతృత్వం, స్పెయిన్, క్షమాభిక్ష, కాలదోషం, సాక్ష్యం, జ్ఞాపకం, సార్వత్రిక న్యాయాధికారం.

1. ఉపోద్ఘాతం

తెలుగు న్యాయపరిభాషలో ‘కాలదోషం పట్టడం’ అనే మాట ఉంది. అప్పుపత్రానికి గడువు దాటితే దానికి కాలదోషం పట్టిందంటారు. ఆ మాటలో దోషం కాలానిది. అప్పు ఇచ్చినవాడిది కాదు, ఎగవేసినవాడిదీ కాదు. ఆస్తి వ్యవహారాల్లో ఈ భావనకు సమంజసమైన ప్రయోజనమే ఉన్నది. అయితే రాజ్యమే తన పౌరులను చంపి, రోడ్డు పక్కన పాతిపెట్టి, ఆ తరువాత నలభై ఏళ్లపాటు ఆ విషయం ఎవరూ మాట్లాడకుండా చేసినప్పుడు గడువు ఎప్పటినుంచి లెక్కించాలి? మాట్లాడే వీలు లేని కాలాన్ని కూడా ఫిర్యాదు చేయని కాలంగా గణించవచ్చునా? ‘ది సైలెన్స్ ఆఫ్ అదర్స్’ చిత్రం మొదటినుంచి చివరిదాకా ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

1936లో స్పెయిన్ రిపబ్లిక్ ప్రభుత్వంపై సైనిక తిరుగుబాటు జరిగింది. మూడేళ్ల అంతర్యుద్ధం తరువాత 1939లో జనరల్ ఫ్రాంకో దేశమంతటినీ స్వాధీనం చేసుకొని, 1975 నవంబరు 20న మరణించేవరకు పాలించాడు. యుద్ధకాలంలోనూ, ఆ తరువాత జరిగిన అణచివేతలోనూ అదృశ్యమైనవారి సంఖ్యను 2008లో న్యాయమూర్తి బల్తసార్ గర్సోన్ 1,14,226గా నమోదు చేశాడు. వారిలో అత్యధికులు గుర్తులేని సామూహిక సమాధుల్లో ఉన్నారు.

దర్శకులిద్దరిలో కర్రాసేదో స్పెయిన్ దేశస్థురాలు, బహార్ అమెరికన్. ఆరేళ్లపాటు వారు ఈ వ్యాజ్యం వెంట నడిచి 450 గంటల దృశ్యాలను చిత్రీకరించారు. అందులోనుంచి మిగిలింది 96 నిమిషాలు. ప్రసిద్ధ దర్శకుడు పేద్రో అల్మొదోవార్ నిర్మాణంలో పాలుపంచుకున్నాడు. 2018 బెర్లిన్ చలనచిత్రోత్సవంలో పనోరమా విభాగపు ప్రేక్షక పురస్కారం, 2019లో ఉత్తమ డాక్యుమెంటరీగా గోయా పురస్కారం లభించాయి.

2. క్షమాభిక్ష అనే మాట

చిత్రంలోని వ్యాజ్యమంతా 1977 అక్టోబరు 15 నాటి చట్టం చుట్టూ ఉంటుంది. ఇంగ్లీషులో దానిని ఆమ్నెస్టీ చట్టం అంటారు. తెలుగులో మనం క్షమాభిక్ష అంటున్నాం. ఈ అనువాదం దగ్గర కొంత ఆగవలసి ఉన్నది. ‘ఆమ్నెస్టీ’కి మూలమైన గ్రీకు పదానికి మరపు అని అర్థం. ‘ఆమ్నీషియా’ అనే వైద్యపదం దానికి తోబుట్టువు. తెలుగు సమాసంలో మరపు లేదు. క్షమ ఉంది, భిక్ష ఉంది. అంటే తప్పు చేసినవాడు చేయి చాచాలి, నష్టపోయినవాడో వాని తరఫున రాజ్యమో దానిని ఇవ్వాలి. తప్పు జరిగిందన్న ఒప్పుకోలు లేకుండా క్షమాభిక్ష సాధ్యం కాదు. స్పెయిన్‌లో హింసకు పాల్పడిన పోలీసు అధికారులెవరూ క్షమాపణ అడగలేదు. వారిని క్షమిస్తారా అని బాధితులను ఎవరూ అడగలేదు. అందువల్ల ఈ చట్టాన్ని తెలుగులో క్షమాభిక్ష అనడం దానికి లేని గౌరవాన్ని కట్టబెట్టడమే అవుతుంది. స్పెయిన్ ప్రజలు వ్యవహరించిన ‘మరపు ఒడంబడిక’ అనే మాటే దానికి సరిపోతుంది.

అయితే ఈ చట్టం పుట్టుకను చిత్రం చెప్పిన తీరు అసంపూర్ణం. రాజకీయ ఖైదీల విడుదల కోసం వీధుల్లో నినదించినవారు ఫ్రాంకో వ్యతిరేకులు. పార్లమెంటులో చట్టానికి అనుకూలంగా 296 ఓట్లు పడ్డాయి. సోషలిస్టులు, కమ్యూనిస్టులు అందులో ఉన్నారు. ఫ్రాంకో చెరసాలల్లో ఏళ్ల తరబడి మగ్గిన కార్మిక నాయకుడు మార్సెలీనో కమాచో కమ్యూనిస్టుల తరఫున దానిని సమర్థిస్తూ ప్రసంగించాడు. ఫ్రాంకో మాజీ మంత్రులు నాయకత్వం వహించిన అలియాంసా పొపులార్ పక్షం ఓటింగులో తటస్థంగా ఉండిపోయింది. ఖైదీలను విడిపించే ఆ చట్టంలోనే, రెండవ అధికరణపు చివరి రెండు ఉపవిభాగాల్లో, ప్రభుత్వాధికారులూ పోలీసులూ ప్రజల హక్కులకు వ్యతిరేకంగా చేసిన నేరాలు కూడా చేరాయి.

ఈ చరిత్రను చిత్రం వేగంగా దాటుతుంది. పైనుంచి రుద్దిన మౌనంగా చూపడం కథనానికి సులువు. వాస్తవం అంతకంటె విషాదకరమైనది. తమను హింసించినవారిని రక్షించే చట్టానికి హింసకు గురైన పక్షమే చేయెత్తింది. సైన్యం ఇంకా ఫ్రాంకో మనుషుల చేతిలో ఉన్న రోజులవి. భయంతో చేసిన ఆ ఒప్పందం భయం తీరిన తరువాత కూడా ఎందుకు కొనసాగింది అన్నదే అసలు ప్రశ్న. 1977ను నిందించడం కంటె 1982 తరువాతి ప్రజాస్వామ్య ప్రభుత్వాలను ప్రశ్నించడం ఎక్కువ అవసరం. చిత్రంలో ఈ ప్రశ్నకు తగిన చోటు దొరకలేదు.

3. అర్జెంటీనా దారి

స్పెయిన్ నేరాలపై విచారణ అర్జెంటీనాలో ఎందుకు జరుగుతున్నదన్న సందేహం ఏ ప్రేక్షకునికైనా కలుగుతుంది. మానవజాతిపై నేరాలను ఏ దేశపు న్యాయస్థానమైనా విచారించవచ్చుననే సార్వత్రిక న్యాయాధికార సూత్రం దీనికి ఆధారం. 1998 అక్టోబరులో చిలీ నియంత పినోచెట్‌ను లండన్‌లో నిర్బంధించడానికి కారణమైన ఉత్తర్వు స్పెయిన్ న్యాయమూర్తి గర్సోన్‌దే. 2005లో అర్జెంటీనా నౌకాదళ అధికారి అదోల్ఫో సిలింగోకు మాడ్రిడ్ న్యాయస్థానం శిక్ష విధించింది. ఇతరుల నియంతలను విచారించడంలో ముందున్న స్పెయిన్, గర్సోన్ 2008లో స్వదేశపు సమాధులను తవ్వబోయేసరికి ఆయననే ముద్దాయిని చేసింది. 2012లో ఆ అభియోగం నుంచి ఆయన విడుదలయ్యాడు గాని, క్షమాభిక్ష చట్టం ఉండగా అటువంటి విచారణ కుదరదని సుప్రీంకోర్టు అదే తీర్పులో తేల్చింది. (జైలులో నిందితులు, వారి న్యాయవాదుల మధ్య సంభాషణలను రహస్యంగా రికార్డు చేయించిన కేసు వేరు. న్యాయమూర్తి పదవి నుంచి ఆయనను తొలగించింది ఆ కేసులోనే.)

అందువల్ల బాధితులు దిశ మార్చారు. అర్జెంటీనా తన సొంత క్షమాభిక్ష చట్టాలను 2005లో సుప్రీంకోర్టు తీర్పుతో కొట్టివేసిన దేశం. 2010 ఏప్రిల్ 14న బ్వేనోస్ ఐరిస్‌లో ఫిర్యాదు దాఖలైంది. 1931లో స్పెయిన్ రిపబ్లిక్ ప్రకటితమైంది అదే తేదీన. మరియా సెర్వీని న్యాయమూర్తి. బాధితుల న్యాయవాది కార్లోస్ స్లెపోయ్ అర్జెంటీనా నియంతృత్వంలో నిర్బంధం అనుభవించి స్పెయిన్‌కు వలస వచ్చినవాడు. సిలింగోపై సాగిన వ్యాజ్యంలోనూ ఆయన పాత్ర ఉన్నది. ఒక దేశపు బాధితుడు మరొక దేశపు బాధితులకు దారి చూపడం చిత్రంలో ప్రత్యేకించి చెప్పని విషయం. స్లెపోయ్ నడకలో, మాటలో అది ధ్వనిస్తూనే ఉంటుంది. చిత్రం పూర్తికాకముందే, 2017లో ఆయన మరణించాడు.

4. శరీరం లెక్కించే కాలం

చిత్రంలో మరపురాని దృశ్యాలు రెండు స్త్రీమూర్తుల చుట్టూ ఉన్నాయి. మొదటి స్త్రీ మరియా మార్తీన్. 1936లో ఆమెకు ఆరేళ్లు. తల్లి ఫాస్తీనా లోపెస్‌ను తీసుకుపోయి కాల్చి చంపి మరికొందరితో కలిపి పూడ్చిపెట్టారు. ఆ చోటిమీదుగా ఇప్పుడు రహదారి పోతున్నది. నడక చట్రం పట్టుకొని, వంగిపోయిన నడుముతో మరియా ఆ రోడ్డు దాకా వస్తుంది. రోడ్డు అంచున ఉండే ఇనుప కమ్మీకి పూలగుత్తి కడుతుంది. పక్కనుంచి కార్లు దూసుకుపోతుంటాయి. ఆమె గొంతు దాదాపు పోయింది. ఊపిరి శబ్దమే మాటగా వినిపిస్తుంది. ఉపశీర్షికలు లేకపోతే స్పానిష్ తెలిసినవారికి కూడా కొన్ని మాటలు అందవేమో.

ఈ గొంతును దర్శకులు సరిచేయలేదు. దానిపై వ్యాఖ్యానం పరచలేదు. ప్రేక్షకుడు ముందుకు వంగి వినవలసివస్తుంది. న్యాయస్థానం చేయవలసిన పనిని చిత్రం ఇక్కడ ప్రేక్షకుని చేత చేయిస్తుంది. తల్లి అవశేషాలు ఇమ్మని మరియా తండ్రి అధికారులకు అర్జీలు పెట్టుకుంటే, కప్పలకు వెంట్రుకలు మొలిచినప్పుడు ఇస్తామన్న సమాధానం వచ్చిందని ఆమె చెప్పేది. ఎన్నటికీ జరగదని చెప్పే స్పానిష్ నానుడి అది. గర్సోన్ విచారణ సమయంలో సుప్రీంకోర్టు ముందు ఆమె వాంగ్మూలం ఇచ్చింది. ఆ న్యాయస్థానంలో ముద్దాయి స్థానంలో ఉన్నది ఆమె తల్లిని చంపినవారు కాదు, ఆ హత్యను విచారించబోయిన న్యాయమూర్తి. మరియా 2014లో కన్నుమూసింది. తల్లి రోడ్డు కిందనే ఉండిపోయింది.

రెండవ స్త్రీ అసెన్సియోన్ మెందియేతా. తండ్రి తిమోతేయో కార్మిక సంఘ సభ్యుడు. యుద్ధం ముగిశాక 1939 నవంబరులో గ్వాదలహారా శ్మశానం గోడ దగ్గర ఆయనను కాల్చిచంపారు. ఆయన కోసం వచ్చినవారికి తలుపు తీసింది పదమూడేళ్ల అసెన్సియోన్. ఆమె 2013లో, తన ఎనభై ఎనిమిదవ పుట్టినరోజునాడు, న్యాయమూర్తి ముందు వాంగ్మూలం ఇవ్వడానికి అట్లాంటిక్ మహాసముద్రం దాటి బ్వేనోస్ ఐరిస్‌కు విమానంలో వెళ్లింది. అదే సంవత్సరం బాధితులు స్పెయిన్‌లోనే ఉండి వీడియో ద్వారా వాంగ్మూలమిచ్చే ఏర్పాటు స్పెయిన్ ప్రభుత్వ అభ్యంతరంతో నిలిచిపోయింది. ఆ నేపథ్యంలో చూస్తే ఈ ప్రయాణం వ్యాజ్యంలో ఒక వాదనగా మారుతుంది. సాక్షిని ఇంటి దగ్గర మాట్లాడనివ్వకపోతే సాక్షి శరీరమే న్యాయస్థానం దాకా నడిచిపోతుంది.

తండ్రిది ఒక్క ఎముకైనా తనతో తీసుకుపోవాలన్నది అసెన్సియోన్ కోరిక. అస్థిసంచయనం తెలిసిన తెలుగు పాఠకునికి ఈ కోరిక వెంటనే అర్థమవుతుంది. అర్థమైనట్లే ఉండి దారితప్పే ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. మన సంప్రదాయంలో అస్థికలను ఏరడం వాటిని వదిలివేయడానికి. నదిలో కలిపితే కర్మ ముగుస్తుంది. ఇక్కడ ఎముకను వెలికితీయడం పేరు పెట్టడానికి, లెక్కలో చేర్చడానికి. సెర్వీని ఉత్తర్వుతో 2016 జనవరిలో గ్వాదలహారా శ్మశానాన్ని తవ్వారు. దొరికిన అవశేషాలలో తిమోతేయో లేడని జన్యుపరీక్ష చెప్పింది. 2017లో మళ్లీ తవ్వారు. ఈసారి దొరికాడు. అదే సంవత్సరం జూలైలో మాడ్రిడ్‌లో ఆయనను మళ్లీ ఖననం చేశారు. అక్కడ కనిపించిన ఎరుపు, పసుపు, ఊదా రంగుల రిపబ్లిక్ జెండాను గమనిస్తే, జరుగుతున్నది కర్మకాండ మాత్రమే కాదని తెలుస్తుంది. మరణించిన వ్యక్తికి కుమార్తె ఉన్నట్లే, అతనికి ఒక పక్షం కూడా ఉండేది. చంపింది ఆ పక్షం కోసమే. తవ్వకం రెండింటినీ కలిపి బయటికి తీసింది.

ఇక్కడ కరుణం ఎక్కడ పుడుతున్నదో గమనించాలి. మరణం ఎనిమిది దశాబ్దాల నాటిది. శోకం ఆ మరణం వల్ల మాత్రమే కలిగితే ఇంతకాలానికి అది జ్ఞాపకంగా మెత్తబడి ఉండవలసింది. చిత్రంలో ప్రేక్షకుని కలచివేసేది ఆలస్యం. రెండు తవ్వకాల మధ్య గడిచిన పదహారు నెలలు తొంభై ఏళ్ల మనిషికి ఎంత కాలమో ఆమె ముఖంలో కనిపిస్తుంది. అసెన్సియోన్ తండ్రి పక్కన చోటు కోరుకుంది. 2019 సెప్టెంబరులో మరణించింది. ఇద్దరు వృద్ధస్త్రీలలో ఒకరికి దక్కినది మరొకరికి దక్కకపోవడానికి న్యాయపరమైన కారణమేదీ లేదు. ఒకరు కొన్నేళ్లు ఎక్కువ బ్రతికారు, అంతే.

5. కెమెరా ముందుకు రానివారు

నియంతృత్వ బాధితులపై వచ్చిన చిత్రాల్లో హింసించినవారికి కెమెరా ఇచ్చే స్థానం ఒక ముఖ్యమైన విమర్శాంశం. రితీ పాన్ తీసిన ‘ఎస్-21’ (2003)లో కంబోడియా చెరసాల కాపలాదారులు తమ పాత పనిని మళ్లీ చేసి చూపుతారు. జాషువా ఒపెన్‌హైమర్ ‘ది యాక్ట్ ఆఫ్ కిల్లింగ్’ (2012)లో ఇండోనేషియా హంతకులు గర్వంగా నటిస్తారు. పత్రీసియో గుస్మాన్ ‘నోస్టాల్జియా ఫర్ ది లైట్’ (2010)లో అటకామా ఎడారిలో ఎముకలు వెతికే స్త్రీలున్నారు గాని, చంపినవారు లేరు. ‘ది సైలెన్స్ ఆఫ్ అదర్స్’ ఈ చివరి చిత్రానికి దగ్గరది. అయితే ఇందులో హింసించిన మనిషి ఎడారి అవతల లేడు, పక్క వీధుల్లోనే ఉన్నాడు.

విద్యార్థిగా ఫ్రాంకోను వ్యతిరేకించి పోలీసుల చేతిలో చిత్రహింసలు అనుభవించిన హోసే మరియా గలాంతే, తనను హింసించిన అధికారి ఆంతోనియో గొన్సాలెస్ పచేకో మాడ్రిడ్‌లో తన ఇంటికి దగ్గరలోనే నివసిస్తున్నాడని తెలుసుకుంటాడు. ‘బిల్లీ ఎల్ నీన్యో’ అనే మారుపేరుతో ఖైదీలకు తెలిసిన మనిషి అతడు. గలాంతే కథనంలో ఆవేశం లేదు. ఎక్కడ నిలబెట్టారు, ఎలా కొట్టారు అని చెప్పేటప్పుడు అతని స్వరం నివేదిక చదువుతున్నట్లుంటుంది. అతనిని హింసించిన పోలీసు కార్యాలయ భవనం ఇప్పుడు మాడ్రిడ్ ప్రాంతీయ ప్రభుత్వ కేంద్రం. నూతన సంవత్సర వేళ జనం గుమిగూడి గడియారం గంటలు వినేది ఆ భవనం ముందే.

అర్జెంటీనా న్యాయమూర్తి 2013 సెప్టెంబరులో పచేకోతో పాటు మరో ముగ్గురిపై అరెస్టు వారెంట్లు జారీ చేసింది. 2014లో స్పెయిన్ న్యాయస్థానం పచేకోను అప్పగించేందుకు నిరాకరించింది. కారణం కాలదోషం. ఇక్కడ చట్టపరంగా ఒక సూక్ష్మభేదం ఉన్నది. బలవంతపు అదృశ్యం కొనసాగుతున్న నేరం. మనిషి ఏమయ్యాడో తేలేవరకు దానికి గడువు మొదలు కాదన్నది అంతర్జాతీయ న్యాయసూత్రం. చిత్రహింస అలా కాదు. దానిని మానవజాతిపై నేరంగా నిరూపిస్తే తప్ప గడువు వర్తిస్తుంది. ప్రసూతి ఆసుపత్రుల్లో శిశువులను అపహరించి వేరే కుటుంబాలకు అప్పగించిన వ్యవహారం మరొక తీరుది. అది ఫ్రాంకో మరణానంతరం కూడా కొనసాగింది గనుక నియంతృత్వ నేరమా, దాని అలవాటు మిగిల్చిన నేరమా అన్న విచారణ అవసరం. మూడు రకాల నేరాలనూ చిత్రం ఒకే తాటిమీదికి తెచ్చింది. ఉద్యమానికి ఆ ఐక్యత కావాలి. న్యాయవిచారణకు మాత్రం భేదమే కావాలి. శిశువులను కోల్పోయిన తల్లుల కథ చిత్రంలో తగినంత విస్తరించకపోవడానికి ఇదే కారణం కావచ్చు. దానికి మరొక చిత్రం అవసరమయ్యేది.

6. ఔచిత్య విచారం

క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణమని చెప్పిన ఔచిత్యాన్ని డాక్యుమెంటరీకి అన్వయించడం కొత్తగా తోచవచ్చు గాని, నిజజీవిత శోకాన్ని చూపే ప్రక్రియకు అంతకంటె అవసరమైన కొలమానం మరొకటి లేదు. మరియా మార్తీన్ దృశ్యాల్లో దర్శకులు చూపిన సంయమనం అన్నిచోట్లా నిలవలేదు. తవ్వకాలు, విమానాశ్రయపు వీడ్కోళ్ల వెనుక వాద్యసంగీతం ఉబికి వస్తుంది. అసెన్సియోన్ మౌనంగా నిలబడిన చోట ప్రేక్షకునికి భావం చెప్పే సంగీతం అనవసరం. కర్రాసేదో స్వరంలో సాగే వ్యాఖ్యానం కూడా అంతే. విదేశీ ప్రేక్షకులకు చరిత్ర చెప్పడంలో అది సహాయపడింది. దృశ్యం చెప్పినదానినే మళ్లీ చెప్పినచోట బరువైంది.

దీనికి భిన్నంగా, ఎల్ తోర్నో గ్రామం దగ్గర కొండమీది శిల్పాల వినియోగం అత్యంత ఉచితంగా ఉన్నది. అంతర్యుద్ధ, నియంతృత్వ బాధితుల స్మృతిగా శిల్పి ఫ్రాన్సిస్కో సెదెనీల్యా అక్కడ నిలిపిన నాలుగు మానవాకృతులను 2009లో ఆవిష్కరించిన కొద్దికాలానికే ఎవరో తుపాకితో కాల్చారు. శిల్పి ఆ రంధ్రాలను పూడ్చలేదు. తన పని అలా పూర్తయిందని భావించాడు. చిత్రంలో ఈ శిల్పాలు పదేపదే వస్తాయి, మంచులో, ఎండలో, సంధ్యలో. వాటి గురించి వ్యాఖ్యానం తక్కువ. కాల్పులు గతం కాదని ఆ రంధ్రాలే చెబుతాయి.

రిపబ్లిక్ ప్రాంతాల్లో జరిగిన హత్యలను చిత్రం చర్చించలేదన్న విమర్శను కూడా ప్రస్తావించాలి. మతగురువులతో సహా వేలమంది అక్కడ చనిపోయారన్నది నిజం. విజేత రాజ్యం వారి మృతదేహాలను వెలికితీసి, గౌరవించి, స్మారకాలు కట్టి, కారకులని భావించినవారిని శిక్షించిందన్నదీ అంతే నిజం. ఈ చిత్రపు విషయం ఫిర్యాదుకు చోటు దొరకనివారు. కాబట్టి ఆ మినహాయింపు అన్యాయం కాదు. కాని ఒక్క వాక్యంలోనైనా ఆ విషయం చెప్పి ఉంటే ప్రత్యర్థులకు ఒక సులభమైన వాదన తప్పేది.

7. చిత్రానంతరం

చిత్రం విడుదలైన తరువాత స్పెయిన్‌లో కొన్ని మార్పులు వచ్చాయి. 2019 అక్టోబరు 24న ఫ్రాంకో అవశేషాలను ‘వ్యాలీ ఆఫ్ ది ఫాలెన్’ స్మారకం నుంచి తొలగించారు. నియంత ఎముకలను తరలించేందుకు హెలికాప్టరు వాడారు. 2022 అక్టోబరులో వచ్చిన ప్రజాస్వామ్య జ్ఞాపక చట్టం సామూహిక సమాధుల తవ్వకాన్ని రాజ్యపు బాధ్యతగా స్వీకరించింది. అంతకుముందు ఈ పని చాలావరకు కుటుంబాలు, స్వచ్ఛంద సంఘాలు చేశాయి. 1977 చట్టాన్ని మాత్రం రద్దు చేయలేదు.

2020 వసంతంలో కోవిడ్ మాడ్రిడ్‌ను చుట్టుముట్టింది. మార్చి 29న గలాంతే మరణించాడు. మే 7న గొన్సాలెస్ పచేకో మరణించాడు. ఇద్దరినీ తీసుకుపోయింది ఒకే వ్యాధి, ఆరువారాల వ్యవధిలో, ఒకే నగరంలో. పచేకోకు పోలీసు సేవకు గాను ఇచ్చిన పతకాలు, వాటి వల్ల పెరిగిన పింఛను చివరివరకు అతనికే ఉన్నాయి. వాటిని రద్దు చేయాలని గలాంతే, అతని సహచరులు ఏళ్లుగా కోరుతూ వచ్చారు. ప్రభుత్వం ఆ అభ్యర్థనను పరిశీలిస్తున్న దశలోనే ఇద్దరూ పోయారు.